చదివి వినిపించగల విజ్ఞాపన: ప్రాజెక్టు ప్రపోజలుపై ఒక విమర్శ

ఉపోద్ఘాతము

కాపరి తన పరిచర్య కాలములో అనేక వ్రాతలు వ్రాయవలసియుండును. ప్రసంగపు నోట్సు, బాప్తిస్మముల రిజిస్టరు, వివాహముల రిజిస్టరు, సంఘ కమిటీ మినిట్సు మొదలగునవి మనకందరికి తెలిసినవే. గత కొన్ని దశాబ్దములలో వీటితో మరియొక వ్రాత చేరినది. అది ప్రాజెక్టు ప్రపోజలు. హాస్టలుకో, కుట్టు శిక్షణ కేంద్రమునకో, మంచినీటి బోరుకో గ్రాంటు ఇమ్మని ఒక ప్రైవేటు దాతృత్వ ఫౌండేషనును అడుగుచు వ్రాయు పత్రమిది.

ప్రసంగమును విమర్శించుట మనకు సెమినరీలోనే నేర్పుదురు. పాఠ్యభాగమునకు నమ్మకముగా ఉన్నదా, వినువారిని గౌరవించినదా అని ప్రసంగశాస్త్ర తరగతిలో ఒకరి ప్రసంగమును మరియొకరు పరీక్షించుదురు. ప్రపోజలును మాత్రము ఎవరును ఆ విధముగా పరీక్షించరు. దానిని గూర్చి మనమడుగునది ఒకే ప్రశ్న: గ్రాంటు వచ్చినదా, రాలేదా? వచ్చినయెడల మంచి ప్రపోజలు, రానియెడల చెడ్డది. ఒక వ్రాతకు ఇంతకంటె తక్కువ విమర్శ ఉండదు.

ఈ వ్యాసములో మేము ప్రపోజలును ఒక పత్రికగా, అనగా ఒకరు మరియొకరికి, వేరొకరిని గూర్చి వ్రాసిన లేఖగా చదువుటకు ప్రయత్నించుచున్నాము. గ్రాంటు అడుగుట తప్పని మా వాదము కాదు. అపొస్తలుడైన పౌలు అడిగాడు, మేమును అడిగాము. మా వాదము ఇంతమాత్రమే: ఎవరిని గూర్చి వ్రాశామో వారి ఎదుట బిగ్గరగా చదువలేని విజ్ఞాపనను మనము ఎవరికిని పంపరాదు.

1. ప్రపోజలు రూపము

ఫౌండేషనుల ఫారములు వేరువేరుగా ఉన్నను వాటి నిర్మాణము దాదాపుగా ఒక్కటే. మొదట సారాంశము, తరువాత సమస్య వివరణ, లక్ష్యములు, కార్యక్రమములు, ఆశించు ఫలితములు, వాటిని కొలుచు విధానము, బడ్జెటు, చివరిగా గ్రాంటు ముగిసిన తరువాత పని ఎట్లు కొనసాగునను ప్రశ్న. అనేకులకు తలనొప్పి కలిగించు లాగ్ ఫ్రేము పట్టిక 1969లో అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థయైన యు.ఎస్.ఎయిడ్ కొరకు తయారైనది. తరువాత అది స్వచ్ఛంద సంస్థలన్నిటికిని వ్యాపించినది.

ఈ రూపములో మేలు లేకపోలేదు. ఏమి మారును, మారినదని ఎట్లు తెలియును, డబ్బు ఎవరి చేతిలో ఉండును అను ప్రశ్నలు న్యాయమైనవి. ఫౌండేషను అధికారి ఖర్చుచేయునది తన సొమ్ము కాదు, ఆయన కూడ ఒక గృహనిర్వాహకుడే. ఈ ప్రశ్నలు అడిగినవారిని అవిశ్వాసులుగా చూచుట మన బలహీనత.

అయితే ఈ రూపమునకు ఒక పక్షపాతమున్నది. అది "సమస్య"తో ప్రారంభమగును. ప్రజలకు ఏమి లేదో వ్రాయుటకు మొదటి పుటలోనే స్థలమిచ్చును. వారికి ఏమి ఉన్నదో, వారు ఇప్పటికే ఏమి ఇచ్చుచున్నారో వ్రాయుటకు తరచుగా గడి ఉండదు, ఉన్నను అది "స్థానిక వాటా" అను ఒక అంకెగా బడ్జెటు అడుగున ఉండును. ఆ మొదటి గడిని నింపుటలో మన కలము అదుపు తప్పుచున్నది. గ్రామము "పూర్తిగా" వెనుకబడియుండును, స్త్రీలందరు నిస్సహాయులైయుండురు, పురుషులందరు త్రాగుబోతులైయుండురు. మన రాష్ట్రములలో అత్యధిక సంఘములు మాల, మాదిగ పల్లెలలో పుట్టినవి. తరతరములుగా ఊరివారు ఆ పల్లెలను గూర్చి పలికిన అవమానపు మాటలనే నేడు వారి కాపరి మంచి ఇంగ్లీషులో టైపు చేయించుచున్నాడు. ఇది ఎంత విచారకరము!

2. మేము వ్రాసిన ప్రపోజలు

ఈ విమర్శను ఇతరులతో ప్రారంభించుట న్యాయము కాదు. సుమారు 15 సంవత్సరముల క్రితము కృష్ణా డెల్టాలోని ఒక గ్రామ సంఘములో ఉండగా మేము ఒక ఫౌండేషనుకు ప్రపోజలు వ్రాశాము. 12 కుట్టు మిషన్లు, ఒక శిక్షకురాలి జీతము, సాయంకాలపు ట్యూషను కొరకు అడిగాము. సంఘములో బి.కాం. చదువుచున్న ఒక అమ్మాయి దానిని కంప్యూటరులో టైపు చేసి పెట్టినది. టైపు ముగించి ఆమె, "అయ్యగారూ, ఈ ఊరు ఎక్కడుందండీ?" అని అడిగినది. మేము నవ్వాము. ఆమె నవ్వలేదు. "పేరు రాయలేదు గానీ మూడో పేరాలో ఉన్నది మా అమ్మేనండీ. అమ్మ ఇది చదవలేదు కాబట్టి సరిపోయింది" అన్నది.

మూడవ పేరాలో మేము వ్రాసినదేమనగా, ఇక్కడి స్త్రీలు త్రాగుబోతు భర్తల చేతిలో హింసింపబడుచు, పిల్లలను పోషించుకొనలేక, నిరాశలో బ్రదుకుచున్నారని. ఆ తల్లి భర్త మద్యము ముట్టనివాడు. ఆమె ప్రతి పూట వంటకు ముందు పిడికెడు బియ్యము డబ్బాలో వేసి ఆదివారము గుడికి తెచ్చును. ఆ బియ్యము వేలము వేయగా వచ్చిన డబ్బుతోనే మా గుడి కరెంటు బిల్లు కట్టబడుచుండెను. ఈ సంగతి ప్రపోజలులో ఎక్కడను లేదు. "అమ్మా, వాళ్ళకు ఇలాగే రాయాలి, లేకపోతే ఇవ్వరు" అని చెప్పి దానిని పంపించాము.

గ్రాంటు వచ్చినది. మిషన్లు వచ్చినవి, పని చక్కగా జరిగినది. రెండవ సంవత్సరములో ఫౌండేషను నుండి ఒక అధికారిణి చూడవచ్చినది. ఆమె మర్యాదస్థురాలు. మా ప్రపోజలు కాగితము చేత పట్టుకొని, మీ పరిస్థితి ఇప్పుడు మారినదా అని అడుగుటకై అందులోని మూడవ పేరాను ఒకరి చేత తెలుగులో చెప్పించినది. స్త్రీలందరు మా వైపు చూచారు. ఆ తల్లి లేచి, "మేము లేనోళ్ళమే గానీ, ఈ మాట రాసిందెవరమ్మా?" అన్నది. మేము జవాబు చెప్పలేదు.

ఆమె సంఘమును విడిచిపెట్టలేదు. అయితే ఆరు వారములు ఆమె బియ్యము తేలేదు. గ్రాంటు లెక్కలలో ఈ నష్టము వ్రాయుటకు గడి లేదు.

3. పౌలు ఎట్లు అడిగాడు?

పౌలు యెరూషలేము పరిశుద్ధుల కొరకు చేసిన చందా సేకరణ నూతన నిబంధనలో మనకు దొరకు అతి విస్తారమైన ఆర్థిక విజ్ఞాపన. 1 కొరింథీ 16, 2 కొరింథీ 8, 9, రోమా 15 అధ్యాయములలో అది కనబడుచున్నది. ఈ భాగములను ప్రపోజలు ప్రక్కన పెట్టి చదువగా నాలుగు సంగతులు మమ్మును ఆశ్చర్యపరచినవి.

మొదటిది, "సమస్య వివరణ" దాదాపుగా లేదు. యెరూషలేములోని బీదల ఆకలిని, చిరిగిన వస్త్రములను పౌలు వర్ణింపలేదు. రోమా 15:26లో వారిలో బీదలున్నారని ఒక్క మాట చెప్పాడు, 2 కొరింథీ 9:12లో వారి అక్కరలను ప్రస్తావించాడు. మిగిలిన చోట్ల వారికి ఇచ్చిన పేరు "పరిశుద్ధులు". దాత ఎదుట నిలుపబడినప్పుడు కూడ వారు తమ పేరును పోగొట్టుకొనలేదు.

రెండవది, బీదరికమును పౌలు వర్ణించిన చోట అది పొందువారిది కాదు, ఇచ్చువారిది. 2 కొరింథీ 8:1-5లో మాసిదోనియ సంఘములు తాము మిక్కిలి పేదరికములో ఉండియు, శక్తికి మించి, బతిమాలుకొని మరీ ఇచ్చినట్లు చెప్పుచున్నాడు. మన ప్రపోజలులో కనబడని పిడికెడు బియ్యము పౌలు పత్రికలో మొదటి వాదముగా ఉన్నది. పేదవాడు మొట్టమొదట దాతగా పరిచయమగుచున్నాడు.

మూడవది, పదజాలము. 8, 9 అధ్యాయముల గ్రీకు మూలములో డబ్బు అను అర్థమిచ్చు సామాన్య పదమును పౌలు ఒక్కసారియు వాడలేదు. "ఖారిస్" అనగా కృప అను పదము ఈ రెండు అధ్యాయములలో 10 సార్లు వచ్చుచున్నది. "కొయినోనియా", "దియకోనియా", "లెయితూర్గియా" అనగా సహవాసము, పరిచర్య, ఆరాధనా సేవ అను పదములతో ఆయన చందాను పిలుచుచున్నాడు. 8:13, 14లో సమానత్వమును ప్రస్తావించి, నేడు ఇచ్చువాడు రేపు పుచ్చుకొనువాడు కావచ్చునని గుర్తుచేయుచున్నాడు. రోమా 15:27లో అన్యజనులు యెరూషలేమువారికి ఋణస్థులని చెప్పుచున్నాడు. దాత పైనను గ్రహీత క్రిందను ఉండు నిచ్చెనను ఆయన నిలువనీయలేదు.

నాలుగవది, లెక్క విషయములో పౌలు ఏ ఫౌండేషను కంటెను తక్కువ కఠినుడు కాడు. 1 కొరింథీ 16:3లో సంఘము ఆమోదించిన మనుష్యులే చందాను తీసికొనిపోవలెనన్నాడు. 2 కొరింథీ 8:16-24లో తీతుతో మరి ఇద్దరు సహోదరులను పంపుచు, ప్రభువు దృష్టికే గాక మనుష్యుల దృష్టికి కూడ నింద రాకూడదను కారణము చెప్పుచున్నాడు. కాబట్టి ఆడిట్ అనునది ఆత్మీయతకు విరోధమని చెప్పువారికి పౌలు సాక్ష్యము అనుకూలము కాదు.

వీటన్నిటికిని ఒక కారణము మనము మరువరాదు. ఈ పత్రికలు సంఘములో బిగ్గరగా చదువబడుటకు వ్రాయబడినవి. మాసిదోనియవారిని గూర్చి కొరింథువారికి వ్రాసిన మాట మాసిదోనియవారు వినవచ్చును. అక్కడ కొరింథువారిని గూర్చి తాను అతిశయించినట్లు 9:2-4లో ఒప్పుకొని, వారు సిద్ధముగా లేనియెడల తానును సిగ్గుపడవలసివచ్చునని భయపడుచున్నాడు. ఇరుప్రక్కల చదువదగిన మాటయే ఆయన వ్రాశాడు. రోమా 15:31లో మరియొక భయము కూడ ఉన్నది. యెరూషలేమువారు ఈ సేవను అంగీకరించునట్లు ప్రార్థించుడని కోరుచున్నాడు. అనగా పుచ్చుకొనువారికి వద్దను హక్కు ఉన్నదని ఆయనకు తెలుసు. మన ప్రపోజలులలో ఏ "లబ్ధిదారు"నికి ఆ హక్కు ఉన్నది?

4. దాచిన విజ్ఞాపన: 1905 సంగతి

ఇట్టి పరీక్షలో ఒక గొప్ప మిషను సంస్థ తప్పిపోయిన సంగతి చరిత్రలో ఉన్నది. నేటి ఫౌండేషనుల పద్ధతికి మూలపురుషులలో ఒకరు కాపరియే. ఫ్రెడరిక్ గేట్స్ అమెరికాలో బాప్టిస్టు కాపరి. 1888లో కాపరిత్వము విడిచి బాప్టిస్టు విద్యా సంఘమునకు కార్యదర్శియై, తరువాత చమురు వ్యాపారియైన జాన్ డి. రాక్‌ఫెల్లరుకు దానధర్మముల విషయములో సలహాదారుడయ్యాడు. వచ్చిన ప్రతి యాచన ఉత్తరమునకు కొంత ఇచ్చుటకు బదులు, పరిశీలించి పెద్ద మొత్తములు ఇచ్చు పద్ధతిని ఆయన నెలకొల్పాడు. 1913లో రాక్‌ఫెల్లరు ఫౌండేషను స్థాపింపబడినది.

అంతకు ముందు, 1905లో, బోస్టను కేంద్రముగా గల కాంగ్రిగేషనల్ మిషను బోర్డునకు రాక్‌ఫెల్లరు 1,00,000 డాలర్లు ఇచ్చాడు. వాషింగ్టన్ గ్లాడెన్ అను కాంగ్రిగేషనల్ కాపరి దీనిని తీవ్రముగా ఎదిరించాడు. అన్యాయపు వ్యాపారముతో కూడబెట్టిన సొమ్మును సువార్త పనికి తీసికొనరాదని ఆయన వాదము. "మలినమైన సొమ్ము" అను మాట అమెరికా అంతట మారుమ్రోగినది. అయితే బోర్డును ఎక్కువగా సిగ్గుపరచినది ఆ ప్రశ్న కాదు. ఆ కానుక అడుగకయే వచ్చినదని మొదట లోకము భావించినది. తరువాత బోర్డు అధికారులే దానిని అడిగినారని బయటపడినది. వారు అడిగిన మాట వారి స్వంత సంఘముల ఎదుట చదువబడియుండలేదు.

ధనము యొక్క మూలమును గూర్చి క్రైస్తవులు భిన్నాభిప్రాయములు కలిగియుండవచ్చును. పౌలు కూడ ఫిలిప్పీయుల సహాయము పుచ్చుకొని, కొరింథువారి యొద్ద పుచ్చుకొనుటకు నిరాకరించాడు. ఎవరి యొద్ద పుచ్చుకొనవచ్చునో ఆయా సందర్భములలో వివేచించవలెను. కాని అడిగినదానిని దాచుటకు మాత్రము ఏ సందర్భమును చాలదు.

5. ఒంగోలు కాలువ

మన నేలపైనే ఇందుకు భిన్నమైన ఉదాహరణ ఉన్నది. 1876-78 మహా కరవులో ఒంగోలులోని అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళు త్రవ్వించు కాంట్రాక్టు తీసికొన్నాడు. ఆకలితో వచ్చినవారికి పని ఇచ్చి కూలి ఇచ్చాడు. మన తెలుగు బోధకులు మేస్త్రీలుగా పని చేయించారు. మిషనరీ నాయకత్వములో తెల్లదొరల పెత్తనము లేదని మేము చెప్పుట లేదు. అయినను రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, ఆకలిగొన్నవాడు అక్కడ యాచకుడు కాదు, కూలి సంపాదించుకొన్న పనివాడు. రెండవది, కరవు సహాయము సాగుచున్నంత కాలము క్లౌ దొర బాప్తిస్మములు నిలిపివేశాడు. అన్నము కొరకు బాప్తిస్మము పొందినారను మాట రాకూడదని ఆయన జాగ్రత్తపడ్డాడు. 1878 జూలై 3న ఒకే దినమున 2222 మంది బాప్తిస్మము పొందినది ఆ సహాయ కార్యక్రమము ముగిసిన తరువాతనే.

విదేశములలోని స్నేహితులకు పంపు రిపోర్టులలో ఆ 2222 అను అంకెను మనము తరచుగా చెప్పుకొందుము. దానికి ముందున్న నిరీక్షణను చెప్పుకొనము.

6. రెండు నాలుకల ప్రమాదము

నేటి పరిస్థితి ఈ పాఠమును మరింత అవసరమైనదిగా చేయుచున్నది. 2010 నాటి విదేశీ విరాళముల నియంత్రణ చట్టము 2011 మే 1 నుండి అమలులోనికి వచ్చినది. 2020లో వచ్చిన సవరణ ఒక సంస్థ పుచ్చుకొన్న విదేశీ విరాళమును మరియొక సంస్థకు బదిలీ చేయుటను నిషేధించినది, పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 నుండి 20 శాతమునకు తగ్గించినది, విరాళములు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే జమ కావలెనని నిర్ణయించినది. పెద్ద సంస్థ ద్వారా కొద్ది సహాయము పొందుచుండిన చిన్న సంఘములకు ఆ దారి మూసికొనిపోయినది.

అందువలన అనేకులు దేశీయ ఫౌండేషనుల వైపును, 2013 కంపెనీల చట్టము 135వ సెక్షను క్రింద కంపెనీలు సామాజిక బాధ్యతగా కేటాయించు నిధుల వైపును చూచుచున్నారు. ఈ నిధులు విద్య, ఆరోగ్యము, జీవనోపాధి మొదలగు పనులకు ఉద్దేశింపబడినవి, ఆరాధనకు గాని మత వ్యాప్తికి గాని కాదు. ఇక్కడ ఒక శోధన పుట్టుచున్నది. అదే కుట్టు కేంద్రమును గూర్చి విదేశీ స్నేహితునికి ఆత్మల రక్షణ అని ఒక ఉత్తరము, కంపెనీ ఫౌండేషనుకు మహిళా సాధికారత అని మరియొక ఉత్తరము. రెండు ఉత్తరములను ఒకే బల్లపై పెట్టి చదువుటకు మనకు ధైర్యమున్నదా?

కుట్టు నేర్పుట మంచి పని. అది కుట్టు నేర్పుట గనుకనే మంచిది, దానికి మరియొక చాటు ఉద్దేశము అక్కరలేదు. అట్టి పనికి సంఘముతో సంబంధము దాచని వేరొక సొసైటీని రిజిస్టరు చేసి, వేరు ఖాతా, వేరు లెక్క ఉంచి, కులమత భేదము లేక అందరిని చేర్చుకొనుట న్యాయమైన మార్గము. ఒంగోలు కాలువ గట్టున క్లౌ దొర గీచిన గీతను మనమును గీయవలెను. అది చట్టమునకు భయపడి మాత్రమే కాదు, సువార్తను గౌరవించి.

అసలు అడుగుటయే మానుకొనవచ్చును కదా, బ్రిస్టలులో జార్జి ముల్లరు మనుష్యులను అడుగక అనాథలను పోషించలేదా అని కొందరడుగుదురు. ఆయన విశ్వాసమునకు మేము తలవంచుచున్నాము. అయితే ముల్లరు కూడ ప్రతి సంవత్సరము తన పనిని, లెక్కలను గూర్చిన రిపోర్టు అచ్చువేయించి అందరికి అందించాడు. అడుగనివాడు కూడ వ్రాయక తప్పలేదు. కాబట్టి వ్రాయు విధమును గూర్చిన ప్రశ్న అందరిదియు.

ముగింపు

పై పరిశీలన నుండి కాపరులకు, సెమినరీ విద్యార్థులకు మేము ఈ సూచనలు చేయుచున్నాము.

ఒకటి, ప్రపోజలు పంపకమునుపు దానిని తెలుగులో సంఘము ఎదుట, ముఖ్యముగా ఎవరి కొరకు అడుగుచున్నామో వారి ఎదుట చదివి వినిపించవలెను. వారు వద్దన్న మాటను, వద్దన్న ఫోటోను తీసివేయవలెను. వారు ప్రాజెక్టే వద్దన్నయెడల మానుకొనవలెను.

రెండు, సమస్యకు ముందు సంఘము ఇప్పటికే చేయుచున్నదానిని వ్రాయవలెను. ఫారములో గడి లేనియెడల సారాంశములో మొదటి వాక్యముగా వ్రాయవలెను.

మూడు, రిజిస్టరులో చూపలేని అంకెను వ్రాయరాదు. 40 మంది ఉన్నచోట 40 అనియే వ్రాయవలెను.

నాలుగు, ఇద్దరు దాతలకు రెండు కథలు చెప్పరాదు.

అయిదు, డబ్బు కాపరి ఒక్కని చేతిలో ఉండరాదు. వచ్చినదియు ఖర్చయినదియు గుడి గోడపై అందరు చదువునట్లు వ్రాసి పెట్టవలెను.

ఆరు, మన సెమినరీలలో ప్రసంగమును విమర్శించినట్లే ప్రపోజలును కూడ తరగతిలో విమర్శించవలెను. ఇంగ్లీషు తప్పులు దిద్దుట చాలదు, సత్యమును, గౌరవమును పరీక్షించవలెను.

ఇట్లు వ్రాసిన ప్రపోజలులకు గ్రాంటు వచ్చునా అని విద్యార్థులు మమ్మును అడుగుచుందురు. కొన్నిటికి వచ్చినది, కొన్నిటికి రాలేదు. ఆ గ్రామములో రెండవసారి వ్రాసినప్పుడు ఆ స్త్రీలను గుడిలో కూర్చుండబెట్టి ఒక్కొక్క పేరా చదివి వినిపించాము. పిడికెడు బియ్యపు లెక్క వారే చెప్పగా మొదటి పుటలో వ్రాశాము. ఆ సంవత్సరము గ్రాంటు రాలేదు. మిషన్లు మాత్రము ఆగలేదు, మరమ్మతులకు వారే నెలకు కొంత వేసికొన్నారు. ఆ ఆదివారము నుండి తల్లి తెచ్చిన బియ్యపు డబ్బా మరల బల్లపైకి వచ్చినది.